కంపెనీకి ఊరూ పేరూ

ఒకనిని గూర్చి 'వాడు ఊరూ పేరూ లేనివాడు' అని పెద్దలు అన్నారనిన, వానికి అప్పు ఇయ్యవద్దనియు, వానితో వియ్యమందవద్దనియు మనము గ్రహింతుము. మనిషికి పేరు ఎంత ముఖ్యమో, వెదకినప్పుడు దొరకెడి ఊరును అంత ముఖ్యము. కంపెనీ విషయమున చట్టము కూడ ఇదే మాట చెప్పుచున్నది. కంపెనీ అనగా కంటికి కనబడు మనిషి కాదు. అది చట్టము సృష్టించిన వ్యక్తి. వీధి అరుగుమీద కూర్చుండి పలుకరించిన బదులు చెప్పదు. అయినను అది అప్పు చేయగలదు, ఆస్తి కొనగలదు, ఇతరులపై దావా వేయగలదు; దానిపై ఇతరులును దావా వేయవచ్చును. అట్టి వ్యక్తిని పట్టుకొనవలెనన్న ఎక్కడికి పోవలెను? ఈ ప్రశ్నకు చట్టమిచ్చిన సమాధానమే రిజిస్టర్డు ఆఫీసు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో చిన్న కంపెనీ పెట్టదలచినవారు పేరు కొరకు వారముల తరబడి ఆలోచింతురు. చిరునామా గడి మాత్రము చివరి గడియలో నింపుదురు. ఒకరు గౌరవముగా నుండునని బెంగళూరిలోని బంధువుల ఇంటి నెంబరు వేయుదురు. మరియొకరు లెక్కలు వ్రాయు ఆడిటరుగారి గది చాలునందురు. చిరునామా అలంకారము కాదు. అది బాధ్యత వచ్చి తలుపు తట్టు చోటు. ఆ తలుపు ఎవరు తీయుదురన్నదే ఇచట అసలు విచారింపవలసిన విషయము.

2013వ సంవత్సరపు కంపెనీల చట్టములో 12వ సెక్షను దీనిని గూర్చి చెప్పుచున్నది. కంపెనీ ఏర్పడిన 30 రోజులలోగా దానికొక రిజిస్టర్డు ఆఫీసు ఉండవలెను. అటుపిమ్మట ఎల్లకాలమును ఉండవలెను. ఆ ఆఫీసు తనకు వచ్చు ఉత్తరములను, నోటీసులను అందుకొనుటకును, అందినట్లు ఒప్పుకొనుటకును శక్తి గలదై యుండవలెనని చట్టము చెప్పును. ఈ రెండు మాటలను వేర్వేరుగా గమనింపవలెను. తలుపు సందులో పడిన కాగితము అందుకొన్న కాగితము కాదు. సంతకము చేసి తీసికొనుటకు ఒక మనిషి ఉండవలెను. తీసికొన్న దానిని సంబంధించిన డైరెక్టరుకు చేర్చు ఏర్పాటును ఉండవలెను.

ఆ చోటికి వచ్చునవి శుభలేఖలు కావు. కంపెనీకి ఏ పత్రమైనను రిజిస్టరు పోస్టు, స్పీడు పోస్టు, కొరియరు మొదలగు మార్గములలో రిజిస్టర్డు ఆఫీసుకు పంపవచ్చుననియు, అక్కడనే విడిచి రావచ్చుననియు 20వ సెక్షను అనుమతించుచున్నది. కోర్టు సమన్లను కూడ రిజిస్టర్డు ఆఫీసుకు పంపవచ్చునని సివిల్ ప్రొసీజరు కోడు చెప్పును. సరియైన చిరునామా వ్రాసి, సరిపడు రుసుము చెల్లించి రిజిస్టరు పోస్టులో పంపిన జాబు, ఎదుటి పక్షము వేరుగా రుజువు చేసిననే తప్ప, మామూలుగా చేరవలసిన కాలమునకు చేరినట్లే భావింపవలెనని 1897వ సంవత్సరపు జనరల్ క్లాజెస్ చట్టము చెప్పుచున్నది. మీరు రికార్డులో ఇచ్చిన చిరునామాకు జాబు వచ్చిన పిదప, 'ఆ ఇంటిలో మేము లేము, మాకు తెలియదు' అనుట సులభముగా చెల్లెడి సాకు కాదు.

దీని ఫలితమెట్లుండునో 2017వ సంవత్సరమున దేశమంతయు చూచినది. ఆ యేడు లెక్కలు, వార్షిక పత్రములు ఏండ్ల తరబడి దాఖలు చేయని 2 లక్షలకు పైగా కంపెనీల పేర్లను ప్రభుత్వము రిజిస్టరునుండి కొట్టివేసినది. వాటి బ్యాంకు ఖాతాల లావాదేవీలను అదుపు చేయవలసినదిగా బ్యాంకులకు సూచనలు పోయినవి. పేరు కొట్టివేయుటకు ముందు రిజిస్ట్రారు కంపెనీకిని, డైరెక్టర్లకును నోటీసు పంపి, చెప్పుకొనుటకు 30 రోజులు గడువిచ్చును. ఆ 30 రోజులు చాలునా చాలవా అన్నది ఆ కవరు ఏ రోజున ఎవరి చేతిలో పడినదన్న దానిపై ఆధారపడి యుండును. గడువు మించిన పిదప నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునలుకు పోయి పేరును తిరిగి తెచ్చుకొను మార్గమున్నది. కాని కవరు చింపి చదివిన తీరిపోవు పనికి అప్పుడు వకీలు, ప్రయాణము, నెలల నిరీక్షణము కావలసివచ్చును.

ఇక చిరునామా ఎన్నుకొనుటలో మూడు మెట్లున్నవి. మొదట రాష్ట్రము, తరువాత ఊరు, ఆ తరువాత ఇల్లు. మూడింటి బరువు ఒక్కటి కాదు.

కంపెనీ స్థాపనకు మూలమైన మెమోరాండములో వీధి పేరు ఉండదు, ఊరి పేరు ఉండదు. రిజిస్టర్డు ఆఫీసు ఏ రాష్ట్రములో నుండునో ఆ మాట మాత్రముండును. కంపెనీకి ఇచ్చు 21 అక్షరములు, అంకెలు గల గుర్తింపు సంఖ్యలో కూడ రాష్ట్రమునకు రెండక్షరములు కేటాయింపబడినవి. అనగా రాష్ట్రము కంపెనీ జాతకములో వ్రాయబడిన విషయము. ఆంధ్రప్రదేశ్ కంపెనీలకు విజయవాడలోని రిజిస్ట్రారు అధికారి. మన మూడు ఊళ్లలో దేనిని ఎన్నుకొన్నను ఆ కార్యాలయము క్రిందికే వచ్చును.

ఈ మొదటి మెట్టు కుప్పమువారికి ముఖ్యముగా చిక్కు తెచ్చును. కుప్పము మూడు రాష్ట్రములు కలియు మూలనున్నది. ఒక ప్రక్క తమిళనాడు, మరియొక ప్రక్క కర్ణాటకము. బజారులో తెలుగు, తమిళము, కన్నడము మూడును వినబడును. రైలెక్కిన బెంగళూరులో దిగవచ్చును. అచట ఉద్యోగము చేయుచు, స్వగ్రామమున గ్రానైటు పని గాని, పట్టు పని గాని కంపెనీగా నడుపదలచిన యువకుడొకడున్నాడనుకొందము. అతనికి బెంగళూరు చిరునామా పెద్ద మాటగా తోచును. కాని అతని క్వారీ ఇక్కడ, కూలీలిక్కడ, లెక్కలు వ్రాయు తమ్ముడిక్కడ. బెంగళూరి గది నేడున్నది, ఉద్యోగము మారిన రేపుండదు. అట్టివానికి కుప్పములోని తల్లిదండ్రుల ఇల్లే మేలు. దీనికి విరుద్ధముగా, కొనువారు, పనివారు, భాగస్వాములు అందరు బెంగళూరిలోనే యుండి, సొంత ఊరిమీది అభిమానముచేత మాత్రమే కుప్పము చిరునామా వేయుటయు మంచిది కాదు. పండుగలకు మాత్రము తాళము తీయు ఇల్లు రిజిస్టర్డు ఆఫీసునకు తగదు.

ఇక్కడ కొందరు జి.ఎస్.టి. రిజిస్ట్రేషనుతో దీనిని కలిపి గందరగోళపడుచుందురు. రెండును ఒకటి కావు. వ్యాపారము జరుగు రాష్ట్రములో జి.ఎస్.టి. నెంబరు వేరుగా పొందవచ్చును. ఆంధ్రలో రిజిస్టర్డు ఆఫీసుండి బెంగళూరిలో గిడ్డంగినుండి సరకు అమ్మదలచిన, కర్ణాటకమున మరియొక జి.ఎస్.టి. రిజిస్ట్రేషను తీసికొనిన సరిపోవును. సరకు అమ్ము చోటికై కంపెనీ జాతకము మార్చనక్కరలేదు.

తొందరపడి ఒక రాష్ట్రము వ్రాసి, పిమ్మట మరియొక రాష్ట్రమునకు పోవలెనన్న ఎంత పని యున్నదో వినుడు. వాటాదారుల సభలో ప్రత్యేక తీర్మానము కావలెను. అనగా అనుకూలముగా వచ్చిన ఓట్లు ప్రతికూలమైన వాటికి మూడింతలకు తక్కువ కారాదు. మెమోరాండము సవరింపవలెను. జిల్లాలోని దేశభాషా పత్రికలో ఒకటి, ఇంగ్లీషు పత్రికలో ఒకటి ప్రకటన వేయవలెను. అప్పులిచ్చిన ప్రతి ఒక్కరికి నోటీసు పంపవలెను. రాష్ట్ర ప్రభుత్వపు ప్రధాన కార్యదర్శికి దరఖాస్తు ప్రతి పంపవలెను. ఇవన్నియు ముగిసి, కేంద్ర ప్రభుత్వము తరఫున రీజనల్ డైరెక్టరు ఆమోదింపవలెను. దీనితో పోల్చిన, మదనపల్లెనుండి పుంగనూరునకు మారుటకు ప్రత్యేక తీర్మానమొకటి చాలును. మదనపల్లెలోనే ఒక వీధినుండి మరియొక వీధికి మారుటకు డైరెక్టర్ల బోర్డు తీర్మానమే చాలును. ఏ మార్పునైనను 30 రోజులలో రిజిస్ట్రారుకు తెలుపవలెను. కనుక ఇల్లు ఎన్నుకొనుటలో పొరపాటు పడిన దిద్దుకొనవచ్చును. రాష్ట్రము విషయమున మాత్రము మొదటనే నిదానింపవలెను.

రెండవ మెట్టు ఊరు. ఊరిని గూర్చి అందరికంటె ఎక్కువ ఆలోచింపవలసినవారు రైతులు. ఉత్పత్తిదారుల కంపెనీలను 2002వ సంవత్సరపు సవరణ మన చట్టములోనికి తెచ్చినది. పదిమంది గాని అంతకు మించి గాని ఉత్పత్తిదారులు చేరి అట్టి కంపెనీ పెట్టుకొనవచ్చును. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశమందు పేరు పొందినది. ఆ చుట్టుపట్ల, అనగా నిమ్మనపల్లె, రామసముద్రము, కురబలకోట మండలములలోని రైతులు 400 మంది చేరి ఒక కంపెనీ పెట్టినారనుకొందము. వార్షిక సభ రిజిస్టర్డు ఆఫీసులో గాని, ఆ ఆఫీసున్న పట్టణము లేక గ్రామములోనే మరియొక చోట గాని జరుగవలెనని చట్టము. సెలవు దినమున జరుపరాదు. వ్యాపార వేళలందే జరుపవలెను. సభకు సభ్యులలో నాలుగవ వంతు హాజరు కానిదే కోరము కాదు. 400 మందిలో 100 మంది రావలెనన్నమాట.

ఇప్పుడు చిరునామా విలువ తెలియును. సలహాదారుడెవరో చెప్పినాడని బెంగళూరు చిరునామా వ్రాసికొన్నచో, 100 మంది రైతులు పనిదినమున, కోతలు మానుకొని, 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి సభకు పోవలెను. వారు పోజాలరు. కోరము లేని సభ తీర్మానములు చేయజాలదు. క్రమముగా నలుగురైదుగురు డైరెక్టర్ల మాటయే కంపెనీ మాటయగును. కష్టపడి వాటా ధనమిచ్చిన రైతు తన కంపెనీకి తానే పరాయివాడగును. అదే ఆఫీసు మదనపల్లెలో మార్కెట్టుకు చేరువగా నున్న, సరకు దింపి వచ్చిన రైతు చేయి కడుగుకొని సభలో కూర్చుండగలడు. చిరునామా ఎక్కడున్నదో అధికారము అక్కడికి ఒరుగునని దీనినిబట్టి గ్రహింపవచ్చును.

కుటుంబ సభ్యులు నడుపు మామూలు ప్రైవేటు కంపెనీలకు ఇంత కట్టుబాటు లేదు. సభ్యులందరు ముందుగా సమ్మతి తెలిపిన, వార్షిక సభను దేశములో ఎచటనైనను జరుపుకొనవచ్చును. అయినను సభ్యుల పట్టిక, సభల మినిట్లు, లెక్కల పుస్తకములు సాధారణముగా రిజిస్టర్డు ఆఫీసులోనే ఉండవలెను. లెక్కల పుస్తకములను వేరొక చోటనుంచదలచిన బోర్డు తీర్మానించి 7 రోజులలో రిజిస్ట్రారుకు తెలుపవలెను. సభ్యుల పట్టిక చూడగోరిన సభ్యునికి వ్యాపార వేళలందు దానిని చూపవలెను. కాగితములు ఒక ఊరిలో, చిరునామా ఒక ఊరిలో, మనుష్యులొక ఊరిలో నున్న, అడిగినవానికి చూపుట ఎట్లు?

మూడవ మెట్టు ఇల్లు. కంపెనీకి పెద్ద మేడ కావలెనన్న నియమము లేదు. నివసించు ఇంటినే రిజిస్టర్డు ఆఫీసుగా చూపవచ్చును. కాని ఆ ఇంటిని వాడుకొను హక్కు కాగితముమీద నిలువవలెను. పుంగనూరులో నెయ్యి, పాలకోవా తయారు చేయు చిన్న కంపెనీ ఒకటి అద్దె ఇంటిలో నున్నదనుకొందము. కంపెనీ పేరుమీద అద్దె ఒప్పందము, దాని నోటరీ ప్రతి, నెల దాటని అద్దె రసీదు కావలెను. ఇల్లు తండ్రిగారిదో, స్నేహితునిదో అయినచో, కంపెనీ వాడుకొనుటకు అనుమతించుచు యజమాని ఇచ్చిన పత్రమును, ఆయన యజమాని యనుటకు రుజువును జతపరుపవలెను. వీటితోపాటు యజమాని పేరుమీద, ఆ చిరునామాతో వచ్చిన విద్యుత్తు, గ్యాసు లేక టెలిఫోను బిల్లు ఒకటి చూపవలెను. అది రెండు నెలలకు మించి పాతది కారాదు.

ఈ బిల్లు వద్దనే మన ఊళ్లలో అనేకుల బండి ఆగిపోవును. ఇల్లు పంపకములు కాలేదు; విద్యుత్తు బిల్లు కాలము చేసిన తాతగారి పేరనే వచ్చుచుండును. అనుమతి పత్రముమీద సంతకము చేయువారు తండ్రిగారు, బిల్లుమీద పేరు తాతగారిది. మునిసిపాలిటీ రసీదులో ఒక తలుపు నెంబరు, బిల్లులో మరియొకటి. ఇట్టి తేడాలను దరఖాస్తు పంపిన తరువాత కాక ముందే సరిచేయించుకొనవలెను. అద్దె ఇల్లయినచో యజమానికి విషయము దాచరాదు. 'మీ ఇంటి నెంబరు కంపెనీ కాగితములమీద అచ్చగును, గోడకు బోర్డు కట్టుదుము, నోటీసులు మీ గుమ్మమునకు వచ్చును' అని విప్పి చెప్పి ఒప్పించుకొనవలెను. అట్లు చెప్పని యజమాని ఒకనాడు పోస్టుమానుతో 'ఇక్కడ అట్టి కంపెనీ ఏదియు లేదు' అని అన్నచో ఆయన తప్పు కాదు.

ఇల్లు కదలకున్నను చిరునామా కదలుట కలదు. మన ప్రాంతమే దీనికి నిదర్శనము. మదనపల్లె ఒకప్పుడు కడప జిల్లాలోనిది. 1911వ సంవత్సరమున చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. 1953 వరకు మద్రాసు రాష్ట్రము, ఆ పిదప ఆంధ్ర రాష్ట్రము, 1956 నుండి ఆంధ్రప్రదేశ్. 2022 ఏప్రిల్ 4వ తేదీన మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరగా, పుంగనూరు, కుప్పము అప్పుడు చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయినవి. ఒక్క ఇటుక కదలకుండగనే ఇంటి చిరునామాలో జిల్లా పేరు మారినది. పాత దస్తావేజులో ఒక జిల్లా, క్రొత్త బిల్లులో మరియొక జిల్లా కనబడిన ఆశ్చర్యపడనక్కరలేదు. కాని దరఖాస్తులో, బోర్డుమీద, ఉత్తరముల కాగితముమీద ఒకే రీతిగా, అమలులోనున్న పేరునే వ్రాయుట కంపెనీ బాధ్యత.

బోర్డు మాట వచ్చినది కనుక అదియు చెప్పెదను. కంపెనీ పేరు, రిజిస్టర్డు ఆఫీసు చిరునామా ఆఫీసు వెలుపల, వ్యాపారము జరుగు ప్రతి చోటను, కంటికి కనబడునట్లు, చదువుటకు వీలైన అక్షరములతో వ్రాయింపవలెను. ఆ అక్షరములు ఆ ప్రాంతపు వాడుక భాషవి కానిచో, స్థానిక భాషాక్షరములలో కూడ వ్రాయింపవలెను. ఇంగ్లీషు బోర్డు మాత్రమే కట్టిన చాలదు; పుంగనూరు బజారులో నడచు మనిషి చదువుకొనగలుగునట్లు తెలుగునను ఉండవలెను. ఉత్తరముల కాగితములమీదను, బిల్లులమీదను పేరు, చిరునామా, గుర్తింపు సంఖ్య, టెలిఫోను నెంబరు, ఈ-మెయిలు అచ్చు వేయింపవలెను.

చిరునామా నిజమైనదా కాదా అని ప్రభుత్వము వచ్చి చూచు అధికారము కూడ నేడున్నది. కంపెనీ వ్యాపారమేదియు నడుపుట లేదని తోచుటకు తగు కారణమున్నచో, రిజిస్ట్రారు స్వయముగా తనిఖీ చేయింపవచ్చును. 2022వ సంవత్సరమున చేర్చిన నిబంధన ప్రకారము, ఆ ప్రాంతపు స్వతంత్ర సాక్షులిద్దరి ఎదుట తనిఖీ జరిపి ఫోటో తీయుదురు. ఆఫీసు అక్కడ లేదని తేలిన, రిజిస్టరునుండి పేరు తొలగించు చర్య మొదలు పెట్టవచ్చును. 12వ సెక్షను నియమములు తప్పినందుకు రోజుకు 1,000 రూపాయల వంతున, 1 లక్ష రూపాయలకు మించకుండ, కంపెనీకిని తప్పిన అధికారులకును జరిమానా కలదు. చట్టము దృష్టిలో చిన్న కంపెనీలకు, ఉత్పత్తిదారుల కంపెనీలకు ఇందులో సగమునకు మించరాదు. మరియు వాటా మూలధనము గల కంపెనీ, రిజిస్టర్డు ఆఫీసును ధ్రువపరచు పత్రము దాఖలు చేయనిదే వ్యాపారమే ప్రారంభింపరాదు; అప్పు తీసికొనరాదు.

ఇట్లని ఆడిటరుగారి ఆఫీసును గాని, నగరములలో అద్దెకు దొరకు చిరునామాలను గాని ఎన్నడును వాడరాదని నా భావము కాదు. పత్రములు సక్రమముగా నుండి, ఉత్తరములు తీసికొను మనిషి యుండి, బోర్డు కట్టి యున్న అవి చట్టమునకు సమ్మతములే. కాని ఇతరుల తలుపు మీ తలుపుగా చూపునప్పుడు, ఆ ఒప్పందము ముగిసిన నాడు ఏమగునో ముందే వ్రాతపూర్వకముగా తేల్చుకొనవలెను. ఆడిటరును మార్చదలచిన కంపెనీ చిరునామాను కూడ మార్చవలసి వచ్చుట ఇబ్బంది. లెక్కలలో మీకును ఆయనకును మాట తేడా వచ్చిన నాడు మీ నోటీసులు ఆయన బల్లమీద పడుచుండుట అంతకంటె ఇబ్బంది.

కాగితములు నింపుటకు ముందు ఒక చిన్న పరీక్ష చేసికొనుడు. మీరు అనుకొన్న చిరునామాకు మీ పేరనే ఒక రిజిస్టరు జాబు, ముందుగా ఎవరికిని చెప్పకుండ, వేసి చూడుడు. దానిని ఎవరు సంతకము చేసి తీసికొన్నారో, ఎన్ని రోజులకు మీ చేతికి వచ్చినదో లెక్క వేయుడు. రెండు మూడు రోజులలో మీ చేతికి వచ్చిన, ఆ ఇల్లు పెంకుటిల్లయినను కంపెనీకి తగిన చోటే. అది తిరుగుటపాలో వెనుకకు వచ్చినదా, ఆ చిరునామా ఎంత గొప్ప నగరములో నున్నను మరియొక గుమ్మము వెదకుకొనుడు.